సొలారిస్, ఏఐఎక్స్ టేపులు లైనక్స్‌లో తెరవడం, ఫ్రీబీఎస్‌డీకీ పనికొచ్చేలా తిరిగి రాయడం

#1 నూలుకండె
ఎల్‌టీఓ-4 టేపులు (బ్యాకప్‌లకి వాడే ఎల్‌టీఓ రకం మాగ్నెటిక్ టేపుల్లో నాలుగో తరం) చాలా ఉన్నాయి. కొన్ని సొలారిస్ 10లో రాసినవి, కొన్ని ఏఐఎక్స్‌లో (రెండూ యూనిక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్‌లే). చీటీల మీద తేదీ, "టార్" (చాలా ఫైళ్లని ఒకే ఆర్కైవ్‌గా కట్టే కమాండ్) అన్న మాట తప్ప ఇంకేం లేదు. చదవాల్సింది లైనక్స్ మీద, ఎల్‌టీఓ-6 డ్రైవ్‌తో. సొలారిస్ టేపు పెట్టి టార్ -టీవీఎఫ్ కొడితే "కెనాట్ రీడ్: కెనాట్ అలొకేట్ మెమరీ" అంటోంది. ర్యామ్ మాత్రం బోలెడంత ఖాళీగా ఉంది. ఏఐఎక్స్ టేపు తెరుచుకుంటోంది గానీ నత్తనడక. ఇవి కాక ఐరిక్స్ అనే ఇంకో యూనిక్స్‌లో రాసిన పాత డాట్ టేపు (ఎల్‌టీఓ కాదు, వేరే రకం) ఒకటి, దానికి సరిపడే డ్రైవ్ ఉంది, అయినా టార్ గుర్తుపట్టడం లేదు. అన్నీ బయటికి తీశాక కొత్త టేపుల మీద రాయాలి, అవి ఫ్రీబీఎస్‌డీలో (ఇదీ యూనిక్స్ రకం సిస్టమే) కూడా తెరుచుకోవాలి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

#2 రాతిపలక
ర్యామ్‌కీ దీనికీ సంబంధం లేదు. టేపు మీదున్న బ్లాకు (ఒక్కసారిగా రాసిన డేటా ముక్క) కన్నా ప్రోగ్రామ్ ఇచ్చిన బఫర్ (చదివింది పెట్టుకునే చోటు) చిన్నదైతే లైనక్స్‌లో టేపుని నడిపే ఎస్‌టీ డ్రైవర్ ఈనోమెమ్ ఎర్రర్ తిప్పికొడుతుంది. టార్ దాన్నే "మెమరీ లేదు" అని చూపిస్తుంది. మీరేమీ చెప్పకపోతే టార్ 20 × 512 = 10,240 బైట్ల చొప్పున అడుగుతుంది. మీ టేపు అంతకన్నా పెద్ద బ్లాకులతో రాసుంది, అంతే.

టార్‌ని కాసేపు పక్కన పెట్టి ముందు బ్లాకు కొలవండి (ఎంటీ టేపుని అటూ ఇటూ నడిపే కమాండ్, డీడీ డేటాని ఉన్నదున్నట్టు కాపీ చేసేది):

ఎంటీ -ఎఫ్ /డెవ్/ఎన్‌ఎస్‌టీ0 రివైండ్
ఎంటీ -ఎఫ్ /డెవ్/ఎన్‌ఎస్‌టీ0 సెట్‌బ్లాక్ 0
డీడీ ఐఎఫ్=/డెవ్/ఎన్‌ఎస్‌టీ0 ఓఎఫ్=/టీఎంపీ/మొదటి బీఎస్=1ఎం కౌంట్=1
ఎల్‌ఎస్ -ఎల్ /టీఎంపీ/మొదటి
ఫైల్ /టీఎంపీ/మొదటి

సెట్‌బ్లాక్ 0 అంటే వేరియబుల్ మోడ్: టేపు మీద బ్లాకు ఎంతుంటే అంత ఒక్కసారిగా వస్తుంది. డీడీ "0+1 రికార్డ్స్ ఇన్" అంటుంది. అడిగిన 1 ఎంబీ కన్నా తక్కువ వచ్చిందని దానర్థం, కంగారు పడనక్కర్లేదు. ఆ ఫైలు ఎన్ని బైట్లుంటే అదే మీ బ్లాకు సైజు. 512తో భాగిస్తే టార్‌కి ఇవ్వాల్సిన -బీ విలువ. ఉదాహరణకి 65,536 వస్తే -బీ 128. 1ఎంకి కూడా ఈనోమెమ్ వస్తే బీఎస్ పెంచి చూడండి.

డీడీ ఒక బ్లాకు ముందుకు జరిగిపోయింది కాబట్టి టార్ కొట్టే ముందు మళ్లీ రివైండ్ చేయండి. ఇది మర్చిపోతే మొదటి హెడర్ దాటిపోయి "ఇది టార్ ఆర్కైవ్‌లా లేదు" అంటుంది, మీరేమో టేపు పాడైందనుకుంటారు.

ఫైల్ కమాండ్ (డేటా ఏ రకమో పోల్చేది) చెప్పేది కూడా ముఖ్యం. చీటీ మీద టార్ అని ఉన్నంత మాత్రాన లోపల టార్ ఉండాలని లేదు. "న్యూ-ఎఫ్‌ఎస్ డంప్ ఫైల్" అంటే యూఎఫ్‌ఎస్‌డంప్ (సొలారిస్‌లో ఫైల్‌సిస్టమ్ బ్యాకప్ కమాండ్) టేపు. "ఏఐఎక్స్ బ్యాకప్/రిస్టోర్ ఫార్మాట్" అంటే ఏఐఎక్స్ సొంత బ్యాకప్ కమాండ్‌తో రాసింది, దాన్ని లైనక్స్ టార్ ఎంత బతిమాలినా తెరవదు.

#3 తాళంచెవి
టేపు లోపల పెట్టే ముందు రైట్-ప్రొటెక్ట్ గడి జరపండి. ఎల్‌టీఓ-6 డ్రైవ్ రెండు తరాలు వెనక్కి చదువుతుంది, ఒక తరం వెనక్కే రాస్తుంది. అంటే ఎల్‌టీఓ-4 మీద అది ఎలాగూ రాయలేదు. అయినా అదే టేపు రేపు ఎల్‌టీఓ-5 డ్రైవ్‌లో పెడితే రాస్తుంది. తరాల లెక్క ఎల్‌టీఓ-7 దాకానే ఇలా. ఎల్‌టీఓ-8 వెనక్కి ఒక్క తరమే చదువుతుంది, ఎల్‌టీఓ-9 కూడా అంతే.

డివైస్ పేర్లు ఒక్కో సిస్టమ్‌లో ఒక్కో రకం. చూసుకోవాల్సింది ఒకటే: మూసినప్పుడు తనంతట తాను రివైండ్ అయ్యేదా, కానిదా.

లైనక్స్: ఎస్‌టీ0 రివైండ్ అవుతుంది, ఎన్‌ఎస్‌టీ0 అవదు.
ఫ్రీబీఎస్‌డీ: ఎస్‌ఏ0 అవుతుంది, ఎన్‌ఎస్‌ఏ0 అవదు. ఈఎస్‌ఏ0 వాడితే టేపు బయటికే వచ్చేస్తుంది.
ఓపెన్‌బీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ: ఆర్‌ఎస్‌టీ0, ఎన్‌ఆర్‌ఎస్‌టీ0.
సొలారిస్: /డెవ్/ఆర్‌ఎంటీ/0, దానికి ఎన్ తగిలిస్తే 0ఎన్.
హెచ్‌పీ-యూఎక్స్: 0ఎం, 0ఎంఎన్.
ఏఐఎక్స్: ఆర్‌ఎంటీ0 అవుతుంది, ఆర్‌ఎంటీ0.1 అవదు. అక్కడ ఎంటీ బదులు టీసీటీఎల్ వాడటం ఎక్కువ.

టేపుల మీద జరిగే నష్టాల్లో సగం ఇక్కడే పుడతాయి. ఎస్‌టీ0 మీద "ఎఫ్‌ఎస్‌ఎఫ్ 3" కొడతారు, టేపు మూడు ఫైళ్లు దాటుతుంది, ఎంటీ ముగియగానే మొదటికి వచ్చేస్తుంది. తర్వాత టార్ -సీ కొడితే మొదటి ఆర్కైవ్ మీదే రాత పడుతుంది. ఎల్‌టీఓలో నాలుగు కిలోబైట్లు రాసినా చాలు, అక్కడ ఎండ్-ఆఫ్-డేటా గుర్తు పడుతుంది. దాని అవతల ఉన్నదాన్ని మామూలు కమాండ్లతో డ్రైవ్ ఇక చదవనివ్వదు. డేటా రికవరీ ల్యాబుకి పంపడమే దారి.

#4 నూలుకండె
కొలిచాను. సొలారిస్ టేపు 65,536. -బీ 128 ఇస్తే గడగడా లిస్ట్ వచ్చింది. ఏఐఎక్స్ టేపు 512 బైట్లే వచ్చింది, ఫైల్ మాత్రం టార్ అనే చెప్పింది. ఇంకో సంగతి: సొలారిస్ టేపులో మూడు ఆర్కైవులున్నాయని చీటీ. మొదటిది లిస్ట్ అయ్యాక ఎన్‌ఎస్‌టీ0 మీదే మళ్లీ టార్ కొడితే ఏమీ చూపించకుండా బయటికొచ్చేసింది. మూడోసారి కొడితే రెండో ఆర్కైవ్ వచ్చింది!

#5 రాతిపలక
ముందు ఏఐఎక్స్ సంగతి. అక్కడ డ్రైవ్‌కి బ్లాక్_సైజ్ అనే గుణం ఉంటుంది. అది 512 దగ్గర ఉండగా రాస్తే, టార్ 10 కేబీ పంపినా టేపు మీద మాత్రం 512 బైట్ల ముక్కలుగా పడుతుంది. వేరియబుల్ మోడ్‌లో చదివితే ఒక్కో రీడ్‌కి ఒక్కో 512 వస్తోంది, అందుకే నత్తనడక. ఆ టేపు వరకు ఫిక్స్‌డ్ మోడ్‌లోకి మారండి:

ఎంటీ -ఎఫ్ /డెవ్/ఎన్‌ఎస్‌టీ0 సెట్‌బ్లాక్ 512
టార్ -బీ 256 -టీవీఎఫ్ /డెవ్/ఎన్‌ఎస్‌టీ0

ఇప్పుడు ఒక్క రీడ్‌లో 256 బ్లాకులు కలిసి వస్తాయి. ఆ టేపు అయిపోగానే సెట్‌బ్లాక్ 0కి తిరిగి రండి. ఫిక్స్‌డ్ 512లో వదిలేసి 64 కేబీ టేపు పెడితే ఈసారి ఈనోమెమ్ రాదు, "ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్" వస్తుంది. చూసినవాళ్లు డ్రైవ్ పోయిందనుకుంటారు. టేపు మార్చిన ప్రతిసారీ ఎంటీ స్టేటస్‌లో "టేప్ బ్లాక్ సైజ్" వరుస చూడటం అలవాటు చేసుకోండి. ఎంటీ కూడా ఎంటీ-ఎస్‌టీ ప్యాకేజీదే వేసుకోండి, సీపీఐఓతో (టార్‌లాంటిదే ఇంకో ఆర్కైవ్ కమాండ్) వచ్చేదాంట్లో ఈ సౌకర్యాలన్నీ ఉండవు.

ఏఐఎక్స్ టేపుల్లో ఎంకేసిస్‌బీ (సిస్టమ్ మొత్తం బ్యాకప్) టేపు తగిలితే దాంట్లో నాలుగు భాగాలుంటాయి: బూట్ ఇమేజ్, ఎంకేఇన్‌స్ట్‌టేప్, ఉత్తుత్తి విషయసూచిక, ఆ తర్వాత అసలు సిస్టమ్ (రూట్‌వీజీ) డేటా. ఆ నాలుగోది బ్యాకప్ ఫార్మాట్‌లో ఉంటుంది. దానికి ఏఐఎక్స్ మెషీన్, అందులో రిస్టోర్ -ఎస్4 కావాలి. లైనక్స్‌లో దానితో కుస్తీ పట్టొద్దు.

#6 మూడోబైటు
మధ్యలో ఖాళీగా వచ్చిన టార్ సంగతి నేను చెప్తా. ఆర్కైవ్ చివర రెండు సున్నా బ్లాకులుంటాయి. టార్ అవి కనపడగానే ఆగిపోతుంది, వాటి తర్వాతి ఫైల్ మార్క్ (టేపు మీద ఒక ఫైలు ముగిసిందని చెప్పే గుర్తు) దాటదు. ఎన్‌ఎస్‌టీ0 మూసినా లైనక్స్‌లో టేపు ఉన్నచోటే ఉంటుంది. రెండో టార్‌కి మొదట ఎదురయ్యేది ఆ ఫైల్ మార్కే, అది ఖాళీ ఫైలులా కనిపిస్తుంది. దాన్ని చదవడంతో మార్క్ దాటింది కాబట్టి మూడోసారికి అసలు ఆర్కైవ్ దొరికింది. మధ్యలో ఒకసారి "ఎంటీ ఎఫ్‌ఎస్‌ఎఫ్ 1" కొడితే సరి.

ఇది బీఎస్‌డీ పద్ధతి. సిస్టమ్-5 (యూనిక్స్‌లో ఇంకో శాఖ) పద్ధతిలో చదివి మూసేటప్పుడే టేపు తర్వాతి ఫైలు మొదటికి జరుగుతుంది. సొలారిస్‌లో 0ఎన్ అలా చేస్తుంది, 0బీఎన్ బీఎస్‌డీలా ఉన్నచోటే ఉంటుంది. అందుకే సొలారిస్‌కని రాసిన స్క్రిప్టు లైనక్స్‌లో ఒక ఫైలు వెనకబడుతుంది, లైనక్స్ స్క్రిప్టు సొలారిస్‌లో ఒకటి ఎక్కువ దాటేస్తుంది. సాపేక్షంగా లెక్క పెట్టకండి. ప్రతిసారీ "ఎంటీ ఏఎస్‌ఎఫ్ 2" అనండి, మొదటికి వచ్చి అక్కణ్ణుంచి రెండు మార్కులు దాటుతుంది. కాస్త టైమ్ తింటుంది, కానీ తప్పు పోదు.

#7 తాళంచెవి
ఐరిక్స్ డాట్ టేపుకి ఫైల్ ఏమంటోంది? "డేటా" అనా?

#8 నూలుకండె
అవును, ఒట్టి "డేటా" అనే.

#9 తాళంచెవి
అయితే బైట్లు జంటజంటగా తారుమారై ఉంటాయి. ఐరిక్స్‌లో కొన్ని టేపు డివైసులు రాసేటప్పుడు బైట్లు మారుస్తాయి, ఎన్‌ఎస్ అని తోక ఉన్నవి మార్చవు. మొదటి బ్లాకుని ఓడీ -సీ తో చూడండి. టార్ హెడర్‌లో (సున్నా నుంచి లెక్కపెడితే) 257వ బైటు నుంచి యూ-ఎస్-టీ-ఏ-ఆర్ అని ఉండాలి. 257 బేసి స్థానం కదా, తారుమారైతే యూ ఒక అడుగు వెనక్కి 256కి పోతుంది, దాని పక్కన సున్నా బైటు, ఆ తర్వాత టీ-ఎస్-ఆర్-ఏ. అలా కనిపిస్తే అనుమానం అక్కర్లేదు:

డీడీ ఐఎఫ్=/డెవ్/ఎన్‌ఎస్‌టీ1 బీఎస్=256కే కాన్వ్=స్వాబ్ | టార్ -టీవీబీఎఫ్ -

ఇందులో బీ అంటే పెద్ద బీ, పైపు నుంచి రికార్డు నిండేదాకా కూడబెట్టుకుని చదవమని. చిన్న బీ ఇస్తే అది బ్లాకుల సంఖ్య అడుగుతుంది.

యూస్టార్ గుర్తు అటూ ఇటూ ఎలా చూసినా కనపడకపోతే పాత వీ7 టార్ కావచ్చు, లేదా సీపీఐఓ బైనరీ. సీపీఐఓ బైనరీ మీద ఒక హెచ్చరిక: ఆ హెడర్ రాసిన ప్రాసెసర్ బైట్ క్రమంలోనే ఉంటుంది. అలాంటిదానికి మొత్తం డేటా మీద స్వాబ్ (జంట బైట్ల తారుమారు) కొడితే హెడర్లు బాగుపడి ఫైళ్ల లోపలివి పాడవుతాయి. గ్నూ సీపీఐఓ తిరగబడిన హెడర్‌ని తనే పోల్చుకుంటుంది, దానికే వదిలేయండి.

#10 రాతిపలక
తీసే విధానం. టేపు నుంచి నేరుగా ఎక్స్‌ట్రాక్ట్ చేయకండి. ముందు ఒక్కో టేపు ఫైలునీ ఉన్నదున్నట్టు డిస్క్ మీదికి దింపండి:

డీడీ ఐఎఫ్=/డెవ్/ఎన్‌ఎస్‌టీ0 ఓఎఫ్=టేపు07-ఫైలు0 బీఎస్=64కే
డీడీ ఐఎఫ్=/డెవ్/ఎన్‌ఎస్‌టీ0 ఓఎఫ్=టేపు07-ఫైలు1 బీఎస్=64కే

డీడీ ఫైల్ మార్క్ దాకా చదివి దాన్ని దాటి ఆగుతుంది, కాబట్టి ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఎఫ్ అక్కర్లేదు. బీఎస్ మాత్రం టేపు బ్లాకుకి సమానమో ఎక్కువో ఉండాలి. పాత టేపుని ఒక్కసారి సాఫీగా నడిపి పక్కన పెట్టేయొచ్చు, ప్రయోగాలన్నీ డిస్క్ కాపీ మీద చేసుకోవచ్చు.

మొదటి ఫైలుగా 80 బైట్ల బ్లాకులు రెండు మూడు వచ్చి, అందులో వీఓఎల్1, హెచ్‌డీఆర్1 లాంటి మాటలుంటే అది ఏఎన్‌ఎస్‌ఐ లేబుల్. డేటా దాని తర్వాతి ఫైలులో ఉంటుంది.

ఎక్స్‌ట్రాక్ట్ చేసే ముందు -టీవీ లిస్టులో పేర్లు స్లాష్‌తో మొదలవుతున్నాయేమో చూడండి. పాత యూనిక్స్ టార్‌లు ఆ స్లాష్‌ని అలాగే ఉంచి రాస్తాయి, తీసేటప్పుడూ అలాగే పాటిస్తాయి. అంటే /ఈటీసీ/పాస్‌వర్డ్ నేరుగా మీ నడుస్తున్న సిస్టమ్ మీద పడుతుంది. గ్నూ టార్, ఇప్పటి బీఎస్‌డీటార్ ముందున్న స్లాష్ తీసేస్తాయి, -పెద్దపీ ఇస్తే తప్ప. ఖాళీ డైరెక్టరీలో, --న్యూమరిక్-ఓనర్ పెట్టి తీయండి. లేకపోతే టార్ యూజర్ పేరుని బట్టి పోలుస్తుంది. ఆ పేరుతో మీ సిస్టమ్‌లో వేరే మనిషి ఉంటే ఫైళ్లన్నీ అతనివైపోతాయి.

#11 పొద్దుతిరుగుడు
రాయడం గురించి నా మాట: యూస్టార్ (పోసిక్స్ అనే యూనిక్స్ ప్రమాణంలోని టార్) ఫార్మాట్, -బీ 20, వేరియబుల్ మోడ్. దీన్ని చదవలేని యూనిక్స్ ఉండదు. గ్నూ టార్‌ని దాని మానాన వదిలేస్తే పొడుగు పేర్లకి తన సొంత పద్ధతి వాడుతుంది. గ్నూ పద్ధతి తెలియని పాత టార్ దాన్ని తెరిస్తే ./@లాంగ్‌లింక్ అని ఒక ఫైలు పడి, అసలు ఫైలు పేరు 100 బైట్ల దగ్గర తెగిపోతుంది.

#12 మూడోబైటు
పేరు పొడుగు విషయంలో ఒప్పుకుంటా గానీ, యూస్టార్ ఇక్కడ సరిపోదు. దాని హద్దులు చూడండి. ఒక్కో ఫైలు 8 జీబీ లోపే ఉండాలి, ఎందుకంటే సైజు గడిలో 11 ఆక్టల్ అంకెలే పడతాయి. దారి మొత్తం 256 బైట్లలోపు, అదీ 155, 100 బైట్ల రెండు ముక్కలుగా సరిగ్గా ఒక స్లాష్ దగ్గర విరగాలి. యూఐడీ (యూజర్ నంబర్) 20,97,151 దాటకూడదు. డైరెక్టరీ సర్వీస్ నుంచి వచ్చే యూఐడీలు ఈరోజుల్లో కోట్లలో ఉంటున్నాయి, అవి యూస్టార్‌లో పట్టవు.

తెలుగు పేర్లున్న ఫైళ్లకి ఇంకా ఇరుకు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్ 3 బైట్లు. "క్ష" ఒక్కటే క, పొల్లు, ష కలిపి 9 బైట్లు. చివరి పేరుకి 100 బైట్లంటే 33 కోడ్‌పాయింట్లు. "పరీక్షఫలితాల_సమగ్రనివేదిక_తుదిప్రతి" లాంటి పేరు అందులో పట్టదు.

రేపు చదవబోయేవి లైనక్స్, ఫ్రీబీఎస్‌డీ. గ్నూ టార్ కూడా, ఫ్రీబీఎస్‌డీ బీఎస్‌డీటార్ కూడా పాక్స్ (యూస్టార్‌ని పొడిగించిన ఫార్మాట్) చక్కగా చదువుతాయి. --ఫార్మాట్=పాక్స్ వాడండి. ఆ హద్దులేవీ ఉండవు, పేర్లు యూటీఎఫ్-8లో ఉంటాయి.

#13 పొద్దుతిరుగుడు
పాక్స్ తెలియని టార్ దొరికితే?

#14 మూడోబైటు
పాక్స్‌హెడర్స్ అని కొన్ని చిన్న ఫైళ్లు అదనంగా పడతాయి. మామూలు హెడర్‌లో పట్టిన ఫైళ్లన్నీ మాత్రం వస్తాయి. పట్టనివే ఇబ్బంది, అవి యూస్టార్‌లో అసలు రాయనే లేం కదా.

#15 పొద్దుతిరుగుడు
సరే, ఫార్మాట్ పాక్స్. సీపీఐఓ మాత్రం వద్దు: దాని న్యూసీ రకంలో ఫైలు 4 జీబీ దాటదు, ఓడీసీలో ఐనోడ్ నంబర్‌కి 18 బిట్లే. పైగా -సీ అంటే సొలారిస్‌లో ఒక ఫార్మాట్, గ్నూలో ఇంకొకటి. డంప్ కూడా వద్దు, అది ఫైల్‌సిస్టమ్‌కి అంటుకుపోయిన ఫార్మాట్.

ఏసీఎల్‌లు (ఎవరికి ఏ అనుమతులో చెప్పే జాబితాలు) దాటతాయని ఆశ పెట్టుకోకండి. లైనక్స్‌లో పోసిక్స్ ఏసీఎల్, ఫ్రీబీఎస్‌డీ జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్‌వీ4 ఏసీఎల్, రెండూ ఒకటి కావు. గెట్‌ఎఫ్‌ఏసీఎల్ -ఆర్ అవుట్‌పుట్‌ని ఒక టెక్స్ట్ ఫైలుగా అదే ఆర్కైవ్‌లో పడేస్తే రేపు చూసి చేత్తో పెట్టుకోవచ్చు.

#16 రాతిపలక
బ్లాకు సైజు మీద నాది వేరే అభిప్రాయం. -బీ 20 అంటే 10 కేబీ, ఎల్‌టీఓ-6కి అది మరీ చిన్నది. 64 కేబీ, అంటే -బీ 128 పెట్టండి. అంతకు మించి ఆశపడొద్దు. పాత ఫ్రీబీఎస్‌డీ కర్నెల్‌లో ఒక్క ఐ/ఓకి 128 కేబీ హద్దు మామూలు, అది దాటిన బ్లాకుని ఎస్‌ఏ డ్రైవర్ చదవనే లేదు. మీ మెషీన్‌లో ఎంతో "ఎంటీ -ఎఫ్ /డెవ్/ఎన్‌ఎస్‌ఏ0 స్టేటస్ -వీ"లో మాక్స్‌ఐఓ వరుస చూస్తే తెలుస్తుంది. లైనక్స్‌లో 1 ఎంబీ బ్లాకులతో ముచ్చటగా రాసి, అవతల తెరవబోయి బోర్లాపడటం మామూలే.

సీడీ /దస్త్రాలు
టార్ --ఫార్మాట్=పాక్స్ -బీ 128 -సీఎఫ్ - . | ఎంబఫర్ -ఎం 4జీ -పీ 90 -ఎస్ 64కే -ఓ /డెవ్/ఎన్‌ఎస్‌టీ0

(పీ ఇక్కడ పెద్దక్షరం.) ఎంబఫర్ (మధ్యలో డేటా కూడబెట్టే ప్రోగ్రామ్) ఎందుకంటే, ఎల్‌టీఓ-6 కంప్రెషన్ లేకుండానే సెకనుకి 160 ఎంబీ మింగుతుంది. చిన్న ఫైళ్లు లక్షల్లో ఉన్న డిస్క్ ఆ వేగాన్ని అందుకోలేదు. డ్రైవ్ కొంతవరకు నెమ్మదిస్తుంది, ఆ తర్వాత ఆగి, వెనక్కి చుట్టి, మళ్లీ అందుకుంటుంది. ఈ ముందువెనకల నడక వేగాన్నీ తింటుంది, టేపునీ హెడ్‌నీ కూడా అరగదీస్తుంది. 90 శాతం నిండాక రాయడం మొదలుపెడితే కంప్రెషన్ లేని లెక్కన ఒక్కో విడతలో ఇరవై సెకన్ల పైనే ఆగకుండా నడుస్తుంది.

#17 తాళంచెవి
ఎంబఫర్ లేని మెషీన్‌లో డీడీ వాడేవాళ్లకి ఒక మాట. పైపు వెనక "డీడీ ఓఎఫ్=/డెవ్/ఎన్‌ఎస్‌టీ0 బీఎస్=64కే" రాయకండి. పైపు నుంచి ఒక్కోసారి 64 కేబీ కన్నా తక్కువ వస్తుంది. బీఎస్ ఇచ్చినప్పుడు డీడీ ఎంతొస్తే అంత ఒక బ్లాకుగా రాసేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా వస్తుంటే మరీనూ. టేపు మీద 4 కేబీ ఒకటి, 37 కేబీ ఒకటి, ఇలా గజిబిజి బ్లాకులు పడతాయి. "ఓబీఎస్=64కే" అని మాత్రమే ఇవ్వండి, అప్పుడు నిండేదాకా ఆగి రాస్తుంది. గ్నూ డీడీ అయితే ఐఫ్లాగ్=ఫుల్‌బ్లాక్ కూడా పనిచేస్తుంది. ఇప్పటికే అలా పాడైన టేపు ఉంటే చదివేటప్పుడు డీడీ బీఎస్=64కే తో తీసి పైపులో టార్‌కి ఇవ్వండి, బతుకుతుంది.

టార్ జెడ్ పెట్టి జీజిప్ చేయడం కూడా వద్దు. డ్రైవ్‌లోనే కంప్రెషన్ ఉంది, ఏ ఎల్‌టీఓ డ్రైవ్ అయినా దాన్ని తనే విప్పుకుంటుంది. జీజిప్ ధారలో ఒక్క బ్లాకు చదవలేకపోతే ఆ తర్వాతదంతా గోవిందా. ఒట్టి టార్‌లో అయితే దెబ్బతిన్న ఫైలు పోతుంది, "స్కిప్పింగ్ టు నెక్స్ట్ హెడర్" అని తర్వాతి ఫైలు నుంచి అందుకుంటుంది.

#18 నూలుకండె
సరిచూడటం ఎలా? ఒకవైపు ఎస్‌హెచ్‌ఏ256సమ్, అవతలివైపు ఎస్‌హెచ్‌ఏ256, సొలారిస్‌లో డైజెస్ట్... ఒక్కోచోట ఒక్కో పేరు, అవుట్‌పుట్ వరస కూడా వేరు.

#19 పొద్దుతిరుగుడు
రెండు పొరలు పెట్టుకోండి. టేపు సరిగ్గా రాసిందా అన్నదానికి సీకేసమ్ (ఫైలుకి సరిచూసే అంకె ఇచ్చే కమాండ్) చాలు, అది పోసిక్స్‌లో ఉంది, అన్నిచోట్లా ఒకే అంకె ఇస్తుంది. ఎవరైనా మార్చారా అన్న భయం ఉంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ డీజీఎస్‌టీ -ఎస్‌హెచ్‌ఏ256, ఇది ఇచ్చే విలువ కూడా అంతటా ఒకటే.

ఫైండ్ . -టైప్ ఎఫ్ -ఎగ్జెక్ సీకేసమ్ {} + > /టీఎంపీ/జాబితా

ఈ జాబితాని టేపులో మొదటి ఫైలుగా, విడిగా చిన్న యూస్టార్‌లో పెట్టండి. దాంట్లోనే బ్లాకు సైజు, ఫార్మాట్, రాసిన సిస్టమ్, వాడిన కమాండ్, ఎన్నో ఫైలులో ఏముంది అన్నది ఒక పేజీ టెక్స్ట్. బ్లాకు సైజు, ఫార్మాట్ మాత్రం చీటీ మీద కూడా ఉండాలి. అవి తెలియకుండా ఆ పేజీని తెరవడమే కష్టం.

చేర్చేటప్పుడు "ఎంటీ ఈఓడీ" కొట్టి, స్టేటస్‌లో ఫైల్ నంబర్ మీరనుకున్నదేనా చూసి, అప్పుడు రాయండి.

#20 నూలుకండె
జాబితా ఫైలు 0, డేటా ఫైలు 1 నుంచి, రెండూ 64 కేబీ బ్లాకులు. ఒక టేపులో పట్టకపోతే టార్ -ఎం (పెద్ద ఎం, ఒక ఆర్కైవ్‌ని చాలా టేపుల మీద పంచి రాసేది) వాడొచ్చా?

#21 రాతిపలక
వద్దు. గ్నూ టార్ మల్టీ-వాల్యూమ్‌ని బీఎస్‌డీటార్ కలిపి చదవదు. ఎల్‌టీఓ-6 అసలు సామర్థ్యం 2.5 టీబీ. కంప్రెషన్ కలిసొస్తుందని లెక్కేసుకోకుండా, డైరెక్టరీలని 2.2 టీబీ మించని గుంపులుగా చేసి, ఒక్కో గుంపు ఒక్కో టేపులో మొదలై అక్కడే ముగిసేలా రాయండి. ఒక టేపు పోయినా మిగతావి వాటంతట అవే తెరుచుకుంటాయి.

మొదటి టేపు రాయగానే మిగతావాటి జోలికి వెళ్లకుండా దాన్ని ఫ్రీబీఎస్‌డీ మెషీన్‌లో పెట్టండి. "ఎంటీ -ఎఫ్ /డెవ్/ఎన్‌ఎస్‌ఏ0 బ్లాక్‌సైజ్ 0", ఎఫ్‌ఎస్‌ఎఫ్ 1, ఆపైన టార్ -బీ 128 -ఎక్స్‌పీఎఫ్ /డెవ్/ఎన్‌ఎస్‌ఏ0. తీసిన డైరెక్టరీలో మళ్లీ అదే ఫైండ్, సీకేసమ్. రెండు జాబితాలనీ సార్ట్ చేసి డిఫ్ కొట్టండి. రెండువైపులా ఎల్‌సీ_ఆల్=సీ పెట్టండి, లేకపోతే సార్ట్ వరస వేరై లేని తేడాలు వందల్లో కనిపిస్తాయి.